కిట్టు కొనొద్దు, టెంక పారేయొద్దు

ప్రశ్న: మేడమ్, మాది ఏలూరు. బాబుకి నాలుగేళ్లు, పాపకి ఈమధ్యే రెండు నిండాయి. సెలవులు ఇచ్చినప్పటి నుంచి బాబు చేతిలోంచి ఫోను దిగడం లేదు. ఏదైనా చేయిద్దామని వీడియోలు చూసి, ఎనిమిది వందలు పెట్టి ఒక క్రాఫ్ట్ కిట్ తెప్పించాను. సముద్రం థీమ్. అందులో ఆక్టోపస్ చేయాలి. అయిదు నిమిషాలు కాకముందే వాడు గమ్ ఒలకబోశాడు, పాప మెరుపుల పొడి నోట్లో పెట్టుకుంది. వాడు లేచి వెళ్లిపోయాడు. చివరికి ఆక్టోపస్ నేనే చేశాను. స్టేటస్‌లో పెడితే అందరూ బాబుని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పొద్దున పది నుంచి రెండు దాకా ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తాను. ఆ టైములో అత్తగారు పిల్లల్ని చూస్తారు కానీ, ఇల్లు పాడైతే ఊరుకోరు. ఈ వయసు పిల్లలతో వారానికో థీమ్ చొప్పున చేయించడానికి తేలికైన బొమ్మలు, వంటలు చెబుతారా? ఆ కిట్‌లో మిగిలిన సామాను ఏం చేయాలో కూడా చెప్పండి. పేరు వేయొద్దు.

సమాధానం: మీరు ఒక్క ఆక్టోపస్ చేసి బాధపడుతున్నారు. నేను ఒకే మధ్యాహ్నం ఇరవై రెండు సూర్యుళ్లను చేశాను.

నర్సరీ టీచరుగా చేరిన మొదటి ఏడాది సంగతి. మర్నాడు తల్లిదండ్రులు బడికి వస్తున్నారు. పేపరు ప్లేటుకి పసుపు రంగు వేసి, చుట్టూ కిరణాలు అంటించాలి. పిల్లలు రంగు పూయడం మొదలుపెట్టగానే గది గది అంతా పసుపైపోయింది. ఇక లాభం లేదని, వాళ్లు పడుకున్నాక నేనూ ఆయమ్మా కూర్చుని మొత్తం పూర్తి చేశాం. ఒక్కో దానికి పన్నెండు కిరణాలు, అన్నీ ఒకే కొలత. తాడు కట్టి వరసగా వేలాడదీశాం. ప్లేట్లకి బట్టల క్లిప్పులు పెట్టే పని మాత్రం, నిద్ర లేచిన పిల్లలకి ఇచ్చాం. మర్నాడు ఒక తండ్రి కొడుకుని ఎత్తుకుని, "నీదేదిరా?" అని అడిగాడు. వాడు తాడు పొడుగునా చూసి, ఒక క్లిప్పు మీద వేలు పెట్టి, "ఇది నేనే పెట్టా" అన్నాడు. సూర్యుడి జోలికే పోలేదు.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు చిన్నపిల్లలతోనే గడిపాను. ఇంట్లో పిల్లలతో ఏం చేయించాలని ఎవరు అడిగినా నాకు ముందు ఆ క్లిప్పే గుర్తొస్తుంది. నాలుగేళ్ల వాడికి చేతనైన పనులు నిజానికి చాలా ఉన్నాయి. చింపుతాడు, నలుపుతాడు, ఉండ చేస్తాడు, ముంచుతాడు, అద్దుతాడు, పోస్తాడు, ఊపుతాడు, తుడుస్తాడు. చేతకానివి మూడే. గీత మీద కత్తిరించడం, అంచుకి అంచు కలిపి మడవడం, గమ్ ఆరేదాకా ఆగడం. మీరు చూసిన వీడియోలన్నీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి, దాదాపు అన్నీ ఈ మూడు పనులతోనే నడుస్తాయి. మీవాడు లేచిపోయింది బద్ధకంతో కాదు, అక్కడ వాడికి పని లేక. అయిదు నిమిషాలకే లేచిపోయాడని కూడా బెంగపడకండి. ఈ వయసులో పది నిమిషాలు ఒక పని మీద కూర్చుంటే చాలా ఎక్కువ. లేచిపోతే పోనివ్వండి, సామాను అక్కడే వదిలేస్తే చాలాసార్లు వాళ్లే తిరిగొస్తారు.

ఇక థీమ్ సంగతి. ఆక్టోపస్‌ని మీవాడు చూడలేదు. నేనూ చూడలేదు. మే నెలలో ఏలూరులో ఉన్న నాలుగేళ్ల పిల్లాడు రోజూ చూసేది మామిడిపండ్ల బుట్ట, ముంజెల బండి, డాబా మీద ఎండబెట్టిన వడియాలు. ఆ వారం ఇంట్లో ఏ మాట ఎక్కువగా వినపడుతోందో అదే థీమ్. వారాలు గళ్లు గీసి టైమ్‌టేబుల్ ఇవ్వమంటే నేను ఇవ్వను, ఇచ్చినా మీరు రెండో వారానికి మానేస్తారు. మూడు వారాలకి సరిపడా మాత్రం వివరంగా చెబుతాను. ఆ తర్వాత సంగతి మీ కూరగాయల బండతను చూసుకుంటాడు.

మొదటి వారం మామిడి పెట్టుకోండి. నూజివీడు దగ్గర్లో ఉండగా మీ ఊళ్లో రసాలకు కరువా! ఆత్రేయపురంలో చాపల మీద పోసి ఎండబెట్టే తాండ్రనే ఇంట్లో ఒక స్టీలు పళ్లెంలో వేయొచ్చు. వంటా అదే, క్రాఫ్టూ అదే. పైగా ఇది ఒక్కరోజుతో అయిపోయే పని కాదు. రోజూ రెండు నిమిషాల పని మిగులుతూ, వారమంతా నడుస్తుంది.

నాలుగైదు పెద్ద రసాలు కడిగి గంటసేపు నీళ్లలో వేసి ఉంచండి. తొడిమ దగ్గర సొన మీరు పిండేయండి. అది తగిలితే పిల్లల మూతి చుట్టూ పొక్కుతుంది. తర్వాత పండు బాబు చేతికి ఇచ్చి, రెండు అరచేతుల మధ్యా దొర్లించమనండి. గట్టిగా ఉన్న పండు మెల్లగా మెత్తబడి లోపల రసం కదులుతుంటే వాడికే తెలుస్తుంది. అప్పుడు గిన్నెలోకి పిండుతాడు. మోచేతుల దాకా కారుతుంది, కారనివ్వండి. జల్లెడలో పోసిన గుజ్జుని గరిటెతో రుద్దే పని కూడా వాడిదే. పండ్లు తియ్యగా ఉంటే రెండు చెంచాల పంచదార చాలు, పుల్లగా ఉంటే ఇంకో రెండు. పొయ్యి మీద పది నిమిషాలు కలుపుతూ కాస్త చిక్కబరిస్తే తొందరగా ఆరుతుంది. అది మీ పని, వాడు వంటింటి గడప అవతల ఉండాలి. చల్లారాక, పళ్లేనికి నెయ్యి వేళ్లతో వాడే రాస్తాడు. గరిటెతో పోసి, పళ్లెం అటూ ఇటూ వంచి పల్చగా పరుస్తాడు. పైన పల్చటి బట్ట కట్టి డాబా మీద పెట్టండి.

సాయంత్రం వెళ్లి వేలితో తాకి చూడమనండి. అంటుకుంటే ఇంకా ఆరలేదన్నమాట. ఆరితే మర్నాడు రెండో పొర. మిగిలిన గుజ్జు ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు ఆగుతుంది, ఆపైన పొరలకి మళ్లీ రెండు పండ్లు పిండుకోవచ్చు, వాడికీ సరదా. అలా నాలుగైదు పొరలు. పొర వేసిన రోజు క్యాలెండర్ మీద ఒక గీత గీయమనండి. గమ్ ఆరేదాకా ఆగలేని పిల్లాడు తాండ్ర ఆరడానికి అయిదు రోజులు ఆగుతాడు, చిత్రంగా. మధ్యలో అంచు చింపుకుని తినేస్తే చూసీ చూడనట్టు ఉండండి. మబ్బు పట్టి వాన పడితే మాత్రం తాండ్ర మీద ఆశ వదులుకుని ఆ గుజ్జుని పాలలో కలిపి తాగేయండి. మా అక్క కూతురు అమెరికాలో ఉంటుంది, డబ్బా గుజ్జు తెచ్చి ఓవెన్‌లో అతి తక్కువ వేడి మీద ఇదే చేసింది. రుచి బాగానే వచ్చిందట కానీ, తన కూతురికి డాబా ఎక్కి చూసే భాగ్యం లేకపోయిందని దానికి దిగులు.

పండ్లు పిండాక టెంకలు మిగులుతాయి కదా, అవి పారేయొద్దు. పాత టూత్‌బ్రష్ ఇచ్చి బకెట్ నీళ్లలో రుద్దమనండి. రెండు మూడు రోజులు ఎండలో పడేస్తే రసాల టెంకకి పీచంతా లేచి నిలబడుతుంది. పాత దువ్వెనతో దువ్వితే అచ్చం ముసలాయన గడ్డమే. స్కెచ్ పెన్నుతో రెండు కళ్లు పెడితే టెంక తాతయ్య తయారు. పీచుని రబ్బరు బ్యాండుతో పైకి కడితే అదే టెంక మామ్మ. బంగినపల్లికి పీచుండదు కాబట్టి దాని టెంక బట్టతల తాతయ్య. నా క్లాసులో ఒక పాప ఇలాంటి తాతయ్యని వారం రోజులు చేతిలోంచి వదల్లేదు, అన్నం కూడా పెట్టింది. కొన్న బొమ్మకి అన్నం పెట్టగా చూశాను కానీ, అంత శ్రద్ధగా కాదు.

ఈ రోజుల్లోనే మీ ఇంట్లో ఆవకాయ కూడా పెడతారు కదా. ముక్కలు కొట్టించి తెచ్చాక జీడి తీసి పొడిబట్టతో తుడిచే పని ఉంటుంది. బాబుకి ఒక మెత్తటి బట్ట ఇచ్చి పది ముక్కలు అప్పజెప్పండి. జీడి మీరు తీసి, తుడవడం వాడికి వదలండి. కారం డబ్బా మూత తీసేలోపు మాత్రం ఇద్దరు పిల్లల్నీ అక్కడి నుంచి పంపేయాలి, ఇందులో మొహమాటం వద్దు.

రెండో వారం ముంజెలు. ముంజెల బండి దగ్గరికి బాబుని తీసుకెళ్లండి. కాయ పైభాగం కత్తితో చెక్కితే లోపల మూడు కళ్లు కనిపిస్తాయి, బొటనవేలు గుచ్చి ముంజె లాగుతారు. మూడు కళ్లూ ఖాళీ అయ్యాక చూడండి, రెండు కళ్లూ ఒక నోరూ ఉన్న మొహం! ఒకే సైజు ఖాళీ బుర్రలు రెండు అడిగి తెచ్చుకోండి, వాళ్లు ఎలాగూ పారేసేవే. రెండిటి మధ్యా కర్ర ఇరుసులా గుచ్చి, ముందు పంగ ఉన్న పొడుగు కర్రతో తోస్తే అదే తాటిబుర్రల బండి. గుచ్చే పని మీ ఆయనదో, మామగారిదో. బాబు చేసేది సుద్దముక్కతో మొహాలు దిద్దడం, బండికి పేరు పెట్టడం, వీధి చివరిదాకా తోలడం. మీ వారి చిన్నతనం ఊళ్లోనే గడిచి ఉంటే, బండి తోలే వంతు మీవాడికి వచ్చేసరికి కాస్త ఆలస్యం కావచ్చు.

పాపకి ముంజెలు చిన్న చిన్న ముక్కలు చేసి, కూర్చోబెట్టి తినిపించండి. జారుడు పదార్థం, రెండేళ్ల పిల్లకి గుండ్రంగా అలాగే ఇవ్వకూడదు. ముంజెల తోలు వలిచే పని బాబుకి ఇవ్వొచ్చు. సగం ముక్కలై పోతాయి. ఆ ముక్కలన్నీ చల్లటి పాలలో పంచదార వేసి కలిపేయండి, ఇంకో వంటకం అయిపోయింది.

ఇక్కడే మీ అత్తగారి సంగతి మాట్లాడాలి. ఉత్తరంలో ఆవిడ ఇల్లు పాడైతే ఊరుకోని మనిషిగానే కనిపించారు. ఒకరోజు ముంజెలు తింటూ, "మీ చిన్నప్పుడు సెలవుల్లో ఏం ఆడేవారు అత్తయ్యా?" అని అడిగి చూడండి. గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఆ తరం ఆడపిల్లల్లో చాలామంది వేసవిలో తాటాకు బొమ్మల పెళ్లి చేసినవాళ్లే. లేత తాటాకు మడిచి పెళ్లికొడుకు, పెళ్లికూతురు బొమ్మలు చేసి, గుడ్డపీలికలు చుట్టి, పసుపు బొట్లు పెట్టి, పప్పూ బెల్లాలు పంచేవారు. కొబ్బరాకుతో బూర, గడియారం, కళ్లజోడు చేయడం కూడా వాళ్ల చేతుల్లో ఉన్న విద్యే. ఆవిడకి వచ్చిన బొమ్మ ఒక్కటి ఆవిడ చేతే చేయించండి. బాబు పెళ్లికొడుక్కి పంచె చుడతాడు, పాప అక్షింతలు వేస్తుంది. మీరు ఆఫీసు పనిలో ఉండే ఆ నాలుగు గంటల్లో ఒక గంట ఇలా గడిచిపోతుంది. తను పురమాయించిన పనిలో చెత్త పడితే పెద్దవాళ్లకి అంతగా కోపం రాదు, ఇది నేను మా ఇంట్లోనే చూశాను. అయినా ఆవిడ వల్ల కాదంటే పట్టుబట్టొద్దు. రోజంతా ఇద్దరు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండడమే చిన్న విషయం కాదు.

చెత్త గురించి ఆవిడ అనేదాంట్లో న్యాయం ఉంది. నేను పాటించే పద్ధతి ఇది. సాయంత్రం స్నానానికి ముందు పెట్టుకోండి, బాల్కనీలోనో పెరట్లోనో ఒక పాత దుప్పటి పరవండి. పాత బట్టలు తొడగండి. దుప్పటి దాటి సామాను రాకూడదు, ఇదొక్కటే నిబంధన. అయిపోగానే దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని దులపడం పిల్లల పనే, అక్కడి నుంచి నేరుగా బాత్‌రూమ్. ఫోను లోపల ఉండాలి, మీది కూడా. ఫొటో తీసుకోవాలనిపిస్తే మర్నాడు తీసుకోండి.

మూడో వారానికి రంగులు. బెండకాయ కూర చేసే రోజున ముచ్చికలు కోసి పారేస్తాం కదా, వాటిని ఒక గిన్నెలో వేసి బాబుకి ఇవ్వండి. కోసిన వైపు రంగులో ముంచి కాగితం మీద అద్దితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. మొదటి పువ్వు పడినప్పుడు పిల్లల మొహం చూడాలి. ముచ్చిక తిప్పి తిప్పి చూస్తారు, ఆ పువ్వు ఇందులో ఎక్కడ దాక్కుందని. ఉల్లిపాయ అడ్డంగా కోసి అద్దితే చక్రాలు, తోటకూర కాడ కోసి అద్దితే చుక్కలు. మీ అత్తగారికి నచ్చాలంటే ఒక పాత తెల్లటి దిండు గలీబు మీద అద్దించి, అది ఆవిడకే ఇవ్వండి.

రంగులు కొనక్కర్లేదు. చిక్కటి గంజి మూడు కప్పుల్లో పోసి, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో బీట్‌రూట్ రసం, ఒకదాంట్లో పాలకూర రుబ్బిన రసం కలపండి. పాప వేళ్లు ముంచి నోట్లో పెట్టుకున్నా గాభరా పడక్కర్లేదు. గంజి మర్నాటికి పులుస్తుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే. బజారు కుంకుమ, రంగోలీ పొడులు మాత్రం కలపకండి, అవి తినేవి కావు. పసుపు మరక బట్టలకి అంటితే సబ్బు పెట్టగానే ఎర్రగా మారి మిమ్మల్ని భయపెడుతుంది. జాడించి మంచి ఎండలో ఆరేస్తే మెల్లగా వెలిసిపోతుంది.

ఆ ఎరుపు మరకనే గారడీగా చూపించొచ్చు. గ్లాసు నీళ్లలో చిటికెడు పసుపు కలపండి. చెంచా వంటసోడా బాబు చేత వేయించండి, నీళ్లు ఎర్రబడతాయి. నిమ్మకాయ పిండితే బుసబుసమని పొంగి మళ్లీ పసుపు పచ్చగా అవుతాయి. పారాణి కలిపేటప్పుడు పసుపులో సున్నం వేస్తే ఎర్రబడేది కూడా ఇందువల్లే. కానీ పిల్లలతో సున్నం వద్దు, కంట్లో పడితే ప్రమాదం. వంటసోడాతోనే కానివ్వండి. ఒక నిమ్మకాయతో ఆగదు, రెండు మూడు సిద్ధంగా పెట్టుకోండి.

గమ్ కావాలంటే రెండు చెంచాల మైదా కప్పు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, చిక్కబడేదాకా ఉడికించి చల్లార్చండి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. పూర్వం పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలిపేవారు. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఆ సలహా ఇస్తే వద్దని చెప్పండి, అది విషం. కత్తెర బదులు చింపడం నేర్పండి. పాత పేపరు చింపి, మైదా గమ్ పూసిన అట్ట మీద అంటించి చేప చేయొచ్చు, కోడిపుంజు చేయొచ్చు. అట్ట మీద బొమ్మ గీత మీరు గీసినా పర్వాలేదు, లోపల నింపడం మాత్రం పూర్తిగా వాడికే వదిలేయండి. పుంజు తోక పొట్ట దగ్గర మొలిచినా సరే.

పిండితో ఆడే ముద్ద కూడా అందరూ అడుగుతారు. కప్పు మైదా, అరకప్పు ఉప్పు, చెంచా నూనె, నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండిలా కలపాలి. గాలి పోకుండా డబ్బాలో పెడితే వారం పైనే ఉంటుంది. ఇందులో ఉప్పు చాలా ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి పనికిరాదు. మీ పాప ఉండగా ఇది వద్దంటాను. దానికంటే మంచిది మన దగ్గరే ఉంది, చలిమిడి. పాకం పట్టి మీరు చలిమిడి చేసి, చల్లారాక చేతికి నెయ్యి రాసి చెరో ముద్ద ఇవ్వండి. పాములు చేస్తారు, పిట్టలు చేస్తారు, చేసింది తినేస్తారు. చేతులు మాత్రం ముందే శుభ్రంగా కడిగించాలి. మీవాడికి ఇది బాగా పట్టుబడితే, వినాయక చవితికి పాలతాలికల పిండి కూడా వాడి చేతికే ఇవ్వొచ్చు. అరచేతుల మధ్య తాలికలు చేయడం ఇదే పని, కాస్త లావూ సన్నం అవుతాయంతే.

వంటలన్నారు కాబట్టి, పొయ్యి అక్కర్లేనివాటితో మొదలుపెట్టండి. పానకం ఉంది, బెల్లం నలిపి నీళ్లలో కలపడం, యాలకులు మిరియాల పొడి చిటికెడు వేయడం. నానబెట్టిన పెసరపప్పులో కొబ్బరి కోరు కలిపితే వడపప్పు. అటుకులు తడిపి బెల్లం, కొబ్బరి, అరటిపండు వేసి చేత్తో కలపడం. వీటికి నేను కొలతలు కూడా చెప్పక్కర్లేదు. సున్నుండలు చుట్టించండి, ఒకటి ఉసిరికాయంత, ఒకటి బత్తాయంత వస్తుంది. పెద్దది నాన్నకి, చిన్నది చెల్లికి అని వాళ్లే పంచుతారు.

వీటన్నిటిలో నాకు ఎంతో ఇష్టమైంది వెన్న తీయడం. నాలుగైదు రోజుల మీగడ ఫ్రిజ్‌లో దాచి, ముందురోజు చెంచా పెరుగు తోడు వేయండి. మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో సగానికి తక్కువగా పోసి, చల్లటి నీళ్లు కొంచెం, ఈ ఎండలకి రెండు ఐసు ముక్కలు కూడా వేయండి. గాజు సీసా వద్దు. మూత మీరు బిగించి బాబుకి ఇవ్వండి. ముందు లోపల గలగలమంటుంది. కాసేపటికి చప్పుడు ఆగిపోతుంది, ఎంత ఊపినా ఏమీ కదలనట్టు ఉంటుంది. పిల్లలు ఇక్కడే "అయిపోయింది" అని డబ్బా ఇచ్చేస్తారు. అప్పుడు పాట పాడుతూ మీరు కాసేపు, అత్తగారు కాసేపు ఊపండి. ఉన్నట్టుండి టపటపమని ముద్ద కొట్టుకునే చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు మారినప్పుడు డబ్బా బాబు చేతిలో ఉండేలా చూసుకోండి, అంతకు మించి మీరు చేయాల్సింది లేదు. మూత తీస్తే మజ్జిగలో తేలుతూ వెన్నముద్ద. ఆ పూట వేడి అన్నంలో అదే వేసి పెట్టండి. కృష్ణుడి కథ చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

జాగ్రత్తలు కొన్ని. అయిదేళ్లలోపు పిల్లలకి వేరుశెనగ గుళ్లు, జీడిపప్పు లాంటివి గుళ్లగా పెట్టకూడదు, గొంతులో అడ్డం పడతాయి. పొడి చేసి వాడండి. చింతగింజలు, పూసలు, సెనగలతో చేసే బొమ్మలు చూడ్డానికి బాగుంటాయి కానీ, అవి ముక్కుల్లోకి వెళ్లడం నేను క్లాసులో ఒకసారి చూశాను. ఆ తర్వాత పాప వయసు పిల్లల ముందు గింజ పెట్టలేదు. పేలిన బెలూన్ ముక్కలు, థర్మోకోల్ పూసలు కూడా అంతే. నీళ్ల బకెట్ ఉన్నంతసేపు పెద్దవాళ్లొకరు పక్కనే ఉండాలి, పని కాగానే వంచేయాలి. బాబు పని చేస్తుంటే పాప ఊరుకోదు కాబట్టి ఆవిడకీ ఒక ఉద్యోగం కావాలి. ఒక పళ్లెం, రెండు గ్లాసులు, కాసిని నీళ్లు ఇచ్చి ఇందులోంచి అందులోకి పోయమంటే అరగంట హాయిగా గడుస్తుంది.

ఫోను గురించి నా దగ్గర పెద్ద మంత్రం లేదు. "ఇది చేస్తే ఫోను ఇస్తా" అని మాత్రం అనొద్దు. అన్నారంటే, వాడు తాండ్ర పొర వేస్తున్నంతసేపూ ఫోను కోసమే చూస్తూ ఉంటాడు.

జూన్‌లో తొలకరి పడే వేళకి బడి తెరుస్తారు. అప్పుడు థీమ్ వెతకక్కర్లేదు, పాత నోట్‌బుక్ కాగితాలు ఉంటే చాలు. పడవ మడత వాడికి రాదు. మీరు మడవండి, నీళ్లలో వదిలేది వాడు. దసరాలకి బంతిపూలు వస్తాయి, భోగికి రేగుపండ్లు వస్తాయి. ఆ రోజుల్లో మళ్లీ ఉత్తరం రాయండి, మాట్లాడుకుందాం.

చివరికి ఆ కిట్. మెరుపుల పొడి ముందు పారేయండి, అది ఇంకో పదేళ్లకి కూడా దుప్పట్లలోంచి రాలుతూనే ఉంటుంది. మొద్దు కత్తెర ఉంటే దాచండి, ఆరేడు నెలలు పోయాక పనికొస్తుంది. రంగు కాగితాలు చింపడానికి ఇచ్చేయండి. కదిలే ప్లాస్టిక్ కళ్లు ఉంటే అవి మీ చేత్తోనే టెంక తాతయ్యకి గట్టిగా అంటించి, పాపకి అందనంత ఎత్తులో పెట్టండి. ఖాళీ అట్టపెట్టె బోర్లిస్తే తాటాకు పెళ్లికి పందిరి అవుతుంది. ఎనిమిది వందల్లో ఆ పెట్టె ఒక్కటి గిట్టుబాటు. ఇక ఆక్టోపస్ అంటారా, దాన్ని పెళ్లిలో మగపెళ్లివారి వైపు కూర్చోబెట్టండి.